అరబావు పొలం, యాభై గ్రాముల బంగారం: ఇంద్రమాయు పల్లెలో ఒక కేస్ స్టడీ

ఇండోనేషియాలో వరి రైతులతో మేం చేసిన ప్రాజెక్టు సర్వే ఫారంలో "సొంతమా, కౌలా, పాలుకా" అని మూడు గడులుండేవి. మేం మాంగ్ (బాబాయి) అని పిలిచే రైతు "సొంతం" దగ్గర టిక్ పెట్టారు. అబద్ధమేమీ కాదు. పట్టా ఆయన పేరు మీదే ఉంది, పన్ను చీటీ ఆయన పేరుతోనే వస్తుంది. ఆ టిక్కును నమ్ముకుని ఎనిమిది నెలలు పనిచేశాం. ఆ పొలం 2015 నుంచి ఇంకొకరి చేతిలో ఉందనీ, తన పొలాన్నే ఆయన సగపాలుకు చేస్తున్నారనీ ఆ తర్వాత గానీ తెలియలేదు. ఈ కేసు రాయడానికి కారణం ఆ లేని నాలుగో గడి.

ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. అక్కడ బాబాయి వరసవాళ్లను మాంగ్ అనీ, పిన్ని వరసవాళ్లను బిబి అనీ పిలుస్తారు. నాన్నకంటే పెద్దవాళ్లయితే ఊవా. మనలాగే చిన్నా పెద్దా తేడా చూసి వరస కలుపుతారు. అందుకే నాకు ఆ ఇంట్లో మొదటి రోజునుంచీ పిలుపుకు ఇబ్బంది రాలేదు. ఇందులోనూ ఆ రైతును మాంగ్ అనీ, ఆయన భార్యను బిబి అనీ రాస్తాను.

ఇంద్రమాయు జిల్లా పశ్చిమ జావా ఉత్తర తీరంలో, చిమానుక్ నది సముద్రంలో కలిసే చోట ఉంది. అక్కడివాళ్లు ముద్దుగా దెర్మాయు అంటారు. ఇండోనేషియాలో వడ్లు ఎక్కువగా పండే జిల్లాల్లో అది ముందు వరసలో ఉంటుంది. మామిడికి కూడా పేరు. దానికి ఇంకో పేరు కూడా ఉంది: సౌదీ, తైవాన్, హాంకాంగ్ ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న జిల్లా. నేను కోనసీమలో పుట్టాను. డెల్టా, సముద్రం, వరి, కువైట్ వీసాలు చూస్తూ పెరిగిన నాకు అక్కడ కొత్తగా అనిపించినవి భాష, పప్పు లేని భోజనం, అంతే. మన వీధుల్లో "కువైట్ డబ్బుతో కట్టిన ఇల్లు" అని చూపిస్తామే, అక్కడా వీధికి నాలుగైదు అలాంటివి ఉంటాయి. ముందు టైల్స్ మెరుస్తుంటాయి, వెనక వంటిల్లు ఇంకా వెదురు తడికలతోనే ఉంటుంది.

మాంగ్ వాళ్ల ఊరు కాలువ శివారున ఉంది. రెంతాంగ్ ఆనకట్ట కింద మూడు జిల్లాల్లో 87,840 హెక్టార్ల ఆయకట్టు ఉంది. నీళ్లు ముందు పైవాళ్లకు, మిగిలితే శివారుకు. మన సార్వాలాంటి వానకాలం పంటను రెందెంగ్ అంటారు, దాళ్వాలాంటిదాన్ని గదు. రెందెంగ్ దాదాపు ఖాయం. గదు మాత్రం కాలువ దయ. 2024 గదులో ఆ ఊళ్లో సగం మంది నాట్లు వేసి, పొట్ట దశలో నీళ్లు రాక పచ్చగడ్డిగా కోసి మేకలకు వేశారు. మాంగ్ పొలమూ అందులో ఒకటి.

ఆయన పొలం అరబావు. బావు అంటే సుమారు 7,000 చదరపు మీటర్లు. అంటే అరబావు మన లెక్కలో దాదాపు 87 సెంట్లు. అక్కడ అర హెక్టారులోపు కమతం ఉన్న రైతును గురెమ్ అంటారు. 2013 వ్యవసాయ గణనలో అలాంటి కుటుంబాలు కోటీ 42 లక్షలు. 2023కి కోటీ 69 లక్షలకు చేరాయి. పొలం వాడే రైతు కుటుంబాల్లో ఇది 62 శాతం. మాంగ్ లాంటివాళ్లే అక్కడ మామూలు రైతులని చెప్పడానికి ఈ అంకె రాశాను.

మేం వెళ్లింది దిగుబడి పెంచడానికి. ముఖ్యంగా ఎలుకల నష్టం తగ్గించడానికి. మా పద్ధతి మన పొలంబడే. నిజానికి పొలంబడి పుట్టింది ఇండోనేషియాలోనే. మందులకు మిత్రపురుగులు చచ్చి, వరిని పీల్చే సుడిదోమ పెరిగిపోవడంతో 1986లో అక్కడి ప్రభుత్వం వరిలో 57 రకాల పురుగుమందుల్ని నిషేధించింది. 1989 నుంచి రైతుల్ని చేలోనే కూర్చోబెట్టి మిత్రపురుగు ఏది, శత్రుపురుగు ఏది అని నేర్పడం మొదలైంది. అది అటూ ఇటూ తిరిగి గోదావరి జిల్లాలకొచ్చింది. నేను అక్కడ నేర్చుకుని, పుట్టింటికే తిరిగి పట్టుకెళ్లానన్నమాట. బియ్యం కథ కూడా ఇలాంటిదే. 1967లో ఆచంటలో రైతు నెక్కంటి సుబ్బారావుగారు పండించి చూపించిన ఐఆర్-8 వరి తల్లిదండ్రుల్లో ఒకటి పేటా అనే ఇండోనేషియా రకం. ఆ పేటాలో మళ్లీ బెంగాల్ వరి లాతిసైల్ అంశ ఉంది. ఈ సంగతి చెబితే మాంగ్ నవ్వి, "అయితే మనం వియ్యంకులం" అన్నారు. ఇప్పుడు ఆయన వేసేది ఇన్‌పారి 32 అనే రకం.

ఎలుకల పని గురించి ఎక్కువ చెప్పను. చాలా పద్ధతులు అందరికీ తెలిసినవే. మన గోదావరి జిల్లాల్లో బుట్టలు పెట్టి ఎలుకల్ని పట్టేవాళ్లు ఉన్నారు. అక్కడ అలాంటివాళ్లు లేరు. ఊరంతా కలిసి కర్రలతో వేటకు బయల్దేరతారు, కన్నాల్లో గంధకం పొగ పెడతారు. కొందరు గట్ల వెంట కరెంటు తీగ లాగుతారు. జావాలో దానివల్ల ఎలుకలతోపాటు రైతులూ చనిపోయారు. మేం చేసింది ఇదీ: మిగతా చేలకంటే మూడు వారాల ముందు ఒక చిన్న మడి నాటించి, దాని చుట్టూ ప్లాస్టిక్ పట్టా కంచె కట్టించాం. కంచెకు అక్కడక్కడా చిల్లులు, చిల్లుల వెనక ఇనప బోనులు. చుట్టుపక్కల ఎలుకలన్నీ ఆ ఎరమడికే వస్తాయి. దాంతోపాటు ఆ బోదె కింద రైతులందరూ రెండు వారాల్లోపు నాట్లు ముగించాలని ఒప్పించాం. కష్టమైంది రెండోదే.

ఇక కోత రోజు. అక్కడ దిగుబడి కొలవడానికి రెండున్నర మీటర్ల చదరం గీసి కోస్తారు. దాన్ని ఉబినన్ అంటారు. 2024 ఏప్రిల్‌లో, ఎల్ నినో వల్ల ఆలస్యమైన ఆ పంటలో, మాంగ్ చేలో మా చదరం 3.3 కిలోలు తూగింది. 2025 ఏప్రిల్‌లో అదే మూలన మళ్లీ వెదురుకర్రలు పాతాం. బిబి కొడవలి పట్టారు. పరదా మీద కొట్టి, తాలు ఊది, గోనెసంచిలో పోసి స్ప్రింగ్ త్రాసుకు తగిలించాం. ముల్లు 3.9 దగ్గర ఆగింది. మాంగ్ సంచిని దింపి, ఇంకోసారి తగిలించమన్నారు. మళ్లీ 3.9. గట్లూ అవీ తీసేస్తే పొలం మొత్తం మీద ఇంచుమించు 2 టన్నులు. మన 75 కిలోల బస్తాల్లో 26, 27. ముందటేడు 1,700 కిలోలు. అంటే 300 కిలోలు ఎక్కువ. మా రిపోర్టులో దీన్ని పెద్ద అక్షరాలతో వేశారు.

ఆ వడ్లు ఎవరెవరికి ఎంత వెళ్లాయో పొలంగట్టు మీదే చూశాను. ముందు కోతవాళ్ల వాటా. అక్కడ చెబ్లోకన్ అని ఒక కట్టుబాటు ఉంది. ఒక జట్టు ఆడవాళ్లు కూలి తీసుకోకుండా నాట్లు వేస్తారు. దానికి బదులు ఆ చేను కోసే హక్కు వాళ్లదే. కోసి నూర్చి ఆరో వంతు పట్టుకెళ్తారు. ఆ వాటా పేరు బావోన్. అలా 330 కిలోలు పోయాయి. మిగిలిన దాంట్లో సగం పొలం చేతిలో ఉన్నావిడకి. మాంగ్ వాటా 830 కిలోలు. ఆ ఏడు జనవరి నుంచి ప్రభుత్వం పచ్చి వడ్లకు కిలో 6,500 రుపయాల (రుపయా అంటే ఇండోనేషియా డబ్బు) ధర పెట్టింది. బులోగ్, అంటే మన ఎఫ్‌సీఐ లాంటి సంస్థ, ఆ ధరకు కొనడం మొదలెట్టేసరికి దళారులు కూడా దిగొచ్చారు. మన డబ్బులో కిలో 33 రూపాయల పైనే. అదే ఏడాది మన దగ్గర సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,300, అదీ 17 శాతం తేమకు. వాళ్లు తేమ చూడకుండా కొన్నారు. ఇక్కడి రైతు మిత్రులకు చెబితే నోరెళ్లబెట్టారు. నేను కూడా మొదట అలాగే అనుకున్నాను, ఇంత ధర వస్తే ఇంకేం కావాలి అని.

లెక్క వేస్తే మాంగ్ చేతికొచ్చింది 54 లక్షల రుపయాలు. మన డబ్బులో 28 వేలకు అటూ ఇటూ. ఇందులోంచే దుక్కి, ఎరువు, మందుల్లో ఆయన సగం ఖర్చు. హాంకాంగ్‌లో పనిమనిషికి ఆ సమయంలో చట్టప్రకారం కనీస జీతం నెలకు 4,990 హాంకాంగ్ డాలర్లు, అంటే కోటి రుపయాలకు పైన. మాంగ్ నాలుగు నెలల పంట, అక్కడ ఒక నెల జీతంలో సగం. ఊళ్లో పదో తరగతి పిల్లలకు కూడా ఈ లెక్క నోటికొచ్చు.

భోగ్యం సంగతి బయటపడింది ఒక సాయంత్రం బిబి బిస్కెట్ డబ్బా తీసినప్పుడు. ఖోంగ్ గువాన్ బిస్కెట్ల ఎర్ర రేకు డబ్బా ఇండోనేషియాలో ప్రతి ఇంట్లో ఉంటుంది. బిస్కెట్లు అయిపోయాక అందులో కాగితాలో, అప్పడాలో పెడతారు. డబ్బా మీద బొమ్మలో తల్లి, ఇద్దరు పిల్లలు టీ తాగుతుంటారు, తండ్రి కనిపించడు. నాన్న ఎక్కడ అని దేశమంతా జోకులు వేసుకుంటారు. బిబి ఇంట్లో ఆ జోకు చెల్లదు. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఆవిడే రెండు కాంట్రాక్టులు సౌదీలో ఉన్నారు. 2011లో ఇండోనేషియా సౌదీకి ఇంటిపనివాళ్లను పంపడం ఆపేయకముందు సంగతి అది. ఇంటి ముందు టైల్స్ ఆ డబ్బే.

డబ్బాలోంచి తీసింది నోటుబుక్కు కాగితం, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఉంది. 6,000 రుపయాల స్టాంపు అతికించి, దాని మీదుగా సంతకం. అరబావు పొలం, యాభై గ్రాముల బంగారానికి గదై. గదై అంటే మన భోగ్యమే. అప్పిచ్చినవాళ్లు వడ్డీకి బదులు పొలం ఫలసాయం తింటారు, అసలు తీర్చినరోజు పొలం వెనక్కిస్తారు. 2015లో పెద్దబ్బాయి తైవాన్ ఫ్యాక్టరీలో పనికి వెళ్లడానికి ఆ డబ్బు కావాల్సొచ్చింది. ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకు ఏజెంట్లే ముందు చేతిఖర్చు ఇచ్చి తీసుకెళ్తారు. మగపిల్లలైతే ఎదురివ్వాలి. అప్పిచ్చింది పక్కింటావిడ. ఆవిడ పదేళ్లు హాంకాంగ్‌లో చేసి తెచ్చుకున్న డబ్బు అది. ఊళ్లో చేతులు మారిన పొలాలు దాదాపు ఇలాగే మారాయి: వెళ్లాల్సినవాళ్లు పెడతారు, వెళ్లొచ్చినవాళ్లు పట్టుకుంటారు.

అప్పు బంగారంలో ఎందుకంటే డబ్బు విలువ పడిపోతుందని. ఇచ్చేవాళ్ల వైపునుంచి చూస్తే అది న్యాయమే. కానీ పుచ్చుకున్నవాళ్లు పండించేది వడ్లు. 2015లో గ్రాము బంగారం ఇంచుమించు 5 లక్షల 50 వేల రుపయాలు, పచ్చి వడ్ల సర్కారు ధర 3,700. యాభై గ్రాములు విడిపించాలంటే ఏడున్నర టన్నుల వడ్లు అమ్మాలి. 2025 ఏప్రిల్‌లో బంగారం 19 లక్షలకు దగ్గరైంది, వడ్లు 6,500. ఇప్పుడు పద్నాలుగున్నర టన్నులు కావాలి. కాగితం మీద బాకీ గ్రాము కూడా పెరగలేదు, వడ్ల లెక్కన రెట్టింపైంది.

ఆ రాత్రి గదిలో కూర్చుని మా 300 కిలోల గొప్పను మళ్లీ లెక్కేశాను. కోతవాళ్ల వాటా, పొలం చేతిలో ఉన్నావిడ వాటా పోను మాంగ్‌కు ఎక్కువ మిగిలింది 125 కిలోలు. 8 లక్షల రుపయాల పైచిలుకు. అదే ఏడాదిలో బంగారం గ్రాముకు 6 లక్షలు పెరిగింది కాబట్టి, పొలం విడిపించే ఖర్చు 3 కోట్లు పెరిగింది. మా పొలంబడి వల్ల ఆ ఇంటికి జరిగిన మేలు 8 లక్షలు, ఏమీ చేయకుండా జరిగిన కీడు 3 కోట్లు. రిపోర్టులో మొదటి అంకె ఒక్కటే ఉంది.

మా పొరపాటు ఇంకొకటి కూడా రాయాలి. మొదటి ఏడాది కోతల్లో గింజ రాలుడు తగ్గుతుందని కంబైన్ మెషీన్ తెప్పించాం. గంటలోపు ఒక చేను అయిపోయింది. మర్నాడు బాలై దేసా, అంటే పంచాయతీ ఆఫీసు ముందు ముప్పై మంది ఆడవాళ్లు కూర్చున్నారు. "నాట్లకు మా నడుములు, కోతకు మెషీనా?" అని ఒకావిడ నిలదీసింది. పొలం లేనివాళ్లకు ఏడాది తిండిగింజలు ఆ బావోన్ వాటాలోంచే వస్తాయి. ఆ సంగతి మా ప్లానింగులో లేదు. ఆ ఊళ్లో సర్పంచిని కువు అంటారు. ఆయన మధ్యవర్తిగా కూర్చున్నారు. మా ప్రాజెక్టు డబ్బుతో ఆ జట్టుకు రావాల్సిన వడ్లు కొనిచ్చాం. రెండో ఏడు మెషీన్ మాటెత్తలేదు. కానీ పక్క ఊళ్లలో అది తిరుగుతూనే ఉంది. ఇంకో ఐదేళ్లకు చెబ్లోకన్ ఉంటుందని నేను పందెం కాయను.

భోగ్యం గురించి తెలిశాక చట్టం వెతికాను. 1960 నాటి 56వ నంబరు చట్టం, 7వ సెక్షన్. భోగ్యం పెట్టిన పొలం ఏడేళ్లు దాటితే, పంట కోసిన నెలలోపు పైసా తీసుకోకుండా వెనక్కివ్వాలి. ఏడేళ్లు ఫలసాయం తిన్నాక అసలూ వడ్డీ తీరినట్టే అని చట్టం ఉద్దేశం. ఏడేళ్లలోపైతే ఎంత కట్టాలో సూత్రం కూడా ఇచ్చారు. మాంగ్ పొలానికి పదేళ్లయింది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. పరుగెత్తుకెళ్లి చెప్పాను.

మాంగ్ సిగరెట్ వెలిగించుకుని ఊరుకున్నారు. బిబి మాత్రం సూటిగా చెప్పారు: "చట్టం జకార్తాలో ఉంటుంది. ఆవిడ పక్కింట్లో ఉంటుంది." కోడలి కాన్పుకు అర్ధరాత్రి డబ్బు తెచ్చిచ్చింది ఆవిడేనట. రేపు ఇంకో అవసరం వస్తే ఎవరి గడప తొక్కాలి? పైగా ఆవిడకు మాత్రం ఏముంది, పదేళ్లు వేరేవాళ్ల ఇంట్లో గిన్నెలు కడిగి తెచ్చుకున్న బంగారం. నేను చట్టం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఈ రంగంలో ఉన్నవాళ్లకు నా మాట: అక్కడ ఆ కాగితం చదివి వినిపించడమే తప్పు అని నేనిప్పటికీ అనుకోను. పక్కింటావిడతో ముందు మాట్లాడకపోవడం మాత్రం తప్పే.

తర్వాత మాట్లాడాను. ఆవిడకు పొలం మీద ఆశ లేదు, బంగారం బంగారంగా రావాలి, అంతే. మసీదులో చదువు చెప్పే పెద్దాయన ఒక మాట అన్నారు: మొత్తం ఒకేసారి ఎందుకు, పది గ్రాములు ఇచ్చినప్పుడల్లా ఐదో వంతు పొలం వదలొచ్చు కదా అని. ఆవిడ రెండు రోజులు ఆలోచించి సరేనన్నారు. కువు సాక్షి సంతకం పెట్టారు, ఈసారి 10,000 రుపయాల స్టాంపు. పదేళ్లలో ఊళ్లో సిమెంటు రోడ్డు వచ్చింది, బోదెలకు లైనింగ్ వచ్చింది. 2015 నుంచి ఏటా నేరుగా పల్లెలకే వస్తున్న గ్రామనిధి వాటికే వెళ్లింది. భోగ్యంలో ఉన్న పొలం ఎంతో ఆ ఆఫీసులో ఏ రిజిస్టర్లోనూ లేదు. కువు అదే రోజు ఒక నోటుబుక్కు తెరిచి మొదటి పేజీలో ఈ ఒప్పందం రాయించారు. రెండో పేజీ నేను వచ్చేసేదాకా ఖాళీగానే ఉంది.

మొదటి పది గ్రాములకు కోటీ 90 లక్షలు కావాలి. పెద్దబ్బాయి తైవాన్ నుంచి తిరిగొచ్చి జకార్తా పక్కనున్న బెకాసిలో ఫ్యాక్టరీ కాంట్రాక్టు పనిలో ఉన్నాడు. రంజాన్ పండక్కి వచ్చిన బోనస్ ఇచ్చాడు. రెండు మేకలు అమ్మారు. బిబి వేస్తున్న అరిసాన్, అదే మన చీటీపాట లాంటిది, అదృష్టంకొద్దీ ఆ నెల ఆవిడకే వచ్చింది. మే మొదటి వారంలో పొలానికి వెళ్లి మాంగ్ తాడు పట్టుకుని 700 చదరపు మీటర్లు కొలిచారు. పదిహేడు సెంట్లు. కాలువ వైపు ముక్క కావాలని బిబి పట్టుబట్టి తీసుకున్నారు. మాంగ్ బురద తీసి కొత్త గట్టు వేశారు. అది అరిచెయ్యి వెడల్పు కూడా లేదు, ఎలుకలు కన్నం చేయడానికి వీల్లేకుండా కావాలనే సన్నగా వేశారు. పొలంబడిలో నేర్చుకున్నదే.

చిన్నమ్మాయి ఒకేషనల్ స్కూలు చివరి ఏడు చదువుతోంది. సాయంత్రాలు జపనీస్ క్లాసుకు వెళ్తుంది. జపాన్‌లో మూడేళ్ల ట్రైనీ వీసా మీద పొలాల్లో పనికి తీసుకుంటారు, స్ట్రాబెర్రీలు, క్యాబేజీలు. "మన పొలంలోకి దిగవు కదే" అని వాళ్లమ్మ వెక్కిరిస్తే, "అక్కడ జీతం ఇస్తారుగా" అంది. ట్రైనింగ్ సెంటర్ హాస్టలు, ఫీజు, పాస్‌పోర్టు కలిపి కట్టాల్సిన డబ్బు వివరాలు ఒక కాగితం మీద ప్రింటు తీసి తెచ్చింది.

నేను బయల్దేరే ముందు రోజు మాంగ్ ఆ కాగితం నాకు చూపించారు. కాసేపు ఎలుకల గురించి, గదు నీళ్ల గురించి మాట్లాడారు. తర్వాత అడిగారు, విడిపించుకున్న ఆ పదిహేడు సెంట్లు ఇప్పుడు గదై పెడితే ఎన్ని గ్రాములు వస్తాయంటావ్ అని.